పేలవం: ఎవరి నోటికి?

సాహిత్య సభల్లో, క్లాసురూముల్లో తరచుగా వినబడే మాట ‘పేలవం’. పస లేదు, ఊహ లేదు, చప్పగా ఉంది అని అర్థం. ఈ ఒక్క మాటతో ఒక కవితని, ఒక్కోసారి ఒక సమూహం గొంతునే పక్కన పెట్టేయొచ్చు. అందుకే దీని చరిత్ర చూడాలి.

సంస్కృతంలో ఇది నింద కాదు. మెత్తన, సుకుమారం, పలచన అని అర్థాలు. కాళిదాసు కుమారసంభవంలో తపస్సుకు సిద్ధమైన పార్వతి సౌకుమార్యం చెప్పే చోట ఈ మాట వస్తుంది. ఎండలో కష్టం చెయ్యని శరీరానికి అది మెప్పు. తెలుగు వాడుకలో సౌకుమార్యం పోయి పలచన మిగిలింది. చిక్కదనం లేని రాతకు అదే పేరైంది.

వంటింట్లో దీనికున్న మాట ‘చప్పన’. రెండిటికీ తేడా ఉంది. ఉప్పు చాల్లేదని చెప్పాలంటే కూడు నోట్లో పెట్టుకోవాలి. తినకుండా ఎవరూ చప్పన అనరు. పేలవం అని తేల్చెయ్యడానికి ఆ శ్రమ అక్కర్లేదు.

కారంచేడు (1985), చుండూరు (1991) మారణకాండల తర్వాత దళిత కవులు ఊళ్ల పేర్లు, కులాల పేర్లు ఉన్నదున్నట్టు పలికారు. ఇది వట్టి వచనం, వట్టి నినాదం అని విమర్శలొచ్చాయి. పేలవం అనేది ఆ వరసలో మాటే. శవాన్ని శవమనడం ఊహ లేకపోవడమా? ఊరు దాచాలనుకున్న సంగతిని పదేపదే పలకడం సాక్ష్యం చెప్పడం. అలంకారాలే కొలత అయితే ‘గబ్బిలం’ (1941) రాసిన జాషువాకి అవమానాలు ఎందుకు ఎదురైనట్టు? ఆయన దగ్గర ఛందస్సుంది, ఉపమలున్నాయి. అడ్డొచ్చింది కులం.

1995లో త్రిపురనేని శ్రీనివాస్, జి. లక్ష్మీనరసయ్యల సంపాదకత్వంలో దళిత కవితా సంకలనం వచ్చింది. పేరు ‘చిక్కనవుతున్న పాట’. పలచన అన్నవాళ్లకి ఆ పేరే జవాబు.

మన రాతలన్నీ చిక్కనివే అనడం లేదు. తన వాడ ఊసు లేకుండా అరువు మాటలతో నింపిన కవిత ఎవరు రాసినా చప్పనే. ఆ సంగతి మనమే చెప్పుకోవాలి, రుచి చూసి చెప్పుకోవాలి. లేకపోతే ఆ తీర్పు మళ్లీ వాళ్ల చేతికే పోతుంది. కాబట్టి క్లాసులో ఎవరైనా ‘పేలవం’ అన్నప్పుడు విద్యార్థులు ఒక్క ప్రశ్న వెయ్యాలి: ఎవరి నోటికి?