ఆనాటి 18 ట్యాగులు

హెచ్‌టీఎంఎల్ నేర్పమని ఎవరైనా అడిగితే నేను మొదట చూపేది 1991 నాటి ఒక జాబితా. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ వ్రాసిన ఆ పత్రంలో ఉన్నవి 18 ట్యాగులే. శీర్షిక, పేరా, జాబితా వంటివి చాలావరకు సెర్న్ పత్రాలలో అప్పటికే వాడుకలో ఉన్న ఎస్‌జీఎంఎల్ గుర్తులు. అసలైన కొత్తదనమంతా "ఏ" అనే ఒక్క అక్షరంలో ఉన్నది: ఒక పుటనుండి మరొక పుటకు దారి చూపే లంకె. బొమ్మ పెట్టే ట్యాగు 1993లో మొజాయిక్ బ్రౌజరుతో వచ్చింది.

తెలియని ట్యాగు ఎదురైతే బ్రౌజరు దానిని వదిలి లోపలి మాటలను చూపుతుంది. కొత్తవారి పాలిట ఇంతకన్నా దయ ఏముంటుంది! 1993 ఏప్రిల్ 30న సెర్న్ తన వెబ్ సాఫ్ట్‌వేరును రుసుము లేకుండా అందరికీ విడిచిపెట్టింది. లేకుంటే నాబోటివాడు నోట్‌పాడ్‌తో పుట కట్టగలిగేవాడా? తెలుగు పుటకైతే అదనంగా ఒక్క వరుస చాలు, అక్షరాలు యూటీఎఫ్-8లో ఉన్నవని చెప్పే మెటా ట్యాగు.