చాసీ నంబరు చెప్పని చరిత్ర

ముస్లిం అనగానే ఈ దేశంలో చాలామంది కళ్ల ముందు ఒక నవాబు వచ్చి నిలబడతాడు. షేర్వానీ, అత్తరు, మహలు, మహలు ముందు మోటారు కారు. ఆ కారు ఉట్టి ఊహ కాదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చెప్పి చేయించుకున్నది. అది తయారయ్యేనాటికి ఆయన లేడు, 1911లోనే పోయాడు. ఆ బండి తిరిగింది తక్కువ, తుడిపించుకున్నది ఎక్కువ. దాన్ని చూసినవాళ్లు మా చరిత్ర చూసొచ్చామనుకుంటారు. ఆ కారులో మా తాతలు కూర్చోలేదు. మా తాతలు లారీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నారు. చేతిలో పానా, కంట్లో మట్టి.

అందుకే మేం లారీ గురించి మాట్లాడతాం. బరువులు మోసి మోసి అలిసి, ఏ గుజిరీలోనో, ఏ రైసుమిల్లు వెనకనో ఆగిపోయిన పాత లారీ గురించి. అలాంటి బండి ఒకటి చేతికొస్తే అది ఏదో పోల్చుకోవాలి, తరువాత బతికించాలి. ఈ రెండు పనులూ మాకు తెలిసిన విద్య. ఈ విద్యకు చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఎవరూ రాయలేదు.

ముందు ఈ లారీలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూద్దాం. ఫోర్డ్ కంపెనీ 1926లోనూ, జనరల్ మోటార్స్ 1928లోనూ మన దేశంలో అడుగుపెట్టాయి. విడిభాగాలు ఓడల్లో తెచ్చి ఇక్కడ బిగించి అమ్మేవి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యానికి అక్కర్లేని బండ్లు వేలానికొచ్చాయి. వాటికి మనవాళ్లు పెట్టుకున్న పేరు డిస్పోజల్ లారీలు. కెనడాలో తయారైన ఫోర్డ్, షెవర్లే మిలటరీ బండ్లు అలా వడ్లబస్తాలు మోశాయి. 1944లో మొదలైన ప్రీమియర్ కంపెనీ అమెరికా క్రైస్లర్ లారీలను బొంబాయిలో చేసింది. ఒకటే లారీని డాడ్జ్ అనీ, ఫార్గో అనీ, డిసోటో అనీ మూడు పేర్లతో అమ్మింది. 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్ పుట్టింది. లేలాండ్ కామెట్ లారీలు బిగించి, 1955లో అశోక్ లేలాండ్ అయింది. హిందుస్థాన్ మోటార్స్ బెడ్‌ఫోర్డ్ లారీలు చేసింది. రైలు ఇంజన్లు చేసే టెల్కో 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలు మొదలుపెట్టింది.

1953లో టారిఫ్ కమిషన్ ఒక మాట చెప్పింది. ఇక్కడే తయారుచేసే పథకం ఉన్న కంపెనీలే ఉండాలంది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ దుకాణం కట్టేశాయి. కంపెనీలు వెళ్లిపోయాయి గానీ లారీలు వెళ్లలేదు. రోడ్డు మీదే ఉన్నాయి. వాటికి స్పేర్లు ఎవరిస్తారు? విరిగిన యాక్సిల్, అరిగిన గేరు, పగిలిన హెడ్డు ఎవరు చేస్తారు? ఓ పాత ముక్కను చూసి లేతు మీద కొత్త ముక్క తీసినవాళ్లు చేశారు. బుష్‌లు పోతపోసినవాళ్లు చేశారు. పెట్రోలు తాగే లారీకి మద్రాసు సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ డీజిల్ ఇంజను ఎక్కించి మరో ఇరవై ఏళ్ల ఆయుష్షు పోసినవాళ్లు చేశారు. వీళ్లెవరూ కాలేజీ మెట్లెక్కలేదు. ఒక ఉస్తాదు, ఆయన కింద నలుగురు షాగిర్దులు. తిట్లూ దెబ్బలూ తింటూ నేర్చుకున్న చదువది.

ఇందులో మావాళ్లు ఎక్కువగా ఎందుకున్నారు? చదువూ పొలమూ సర్కారీ కొలువూ అందనివాడికి చేతిపనే దిక్కు. జట్కా తోలిన ఇంట్లోనే మోటారు డ్రైవరు పుట్టాడు. గుర్రానికి లాడం కొట్టిన ఇంట్లోనే మెకానిక్ పుట్టాడు. మోటారు బండ్ల రిపేరులోనూ, రోడ్డు రవాణాలోనూ ముస్లిం కార్మికుల వాటా ఎక్కువగా ఉందని 2006లో సచార్ కమిటీ కూడా రాసింది. అయితే ఈ విద్య మా ఒక్కరిదే అని మేం అనం. క్యాబిన్ కట్టిన వడ్రంగి ఉన్నాడు, ఇనుము కాల్చి వంచిన కమ్మరి ఉన్నాడు. ఆటోనగర్ షెడ్డులో వీళ్లంతా ఒకే టీ గ్లాసుల ట్రే దగ్గర చేరతారు. తెలుగు మెకానిక్ ఎవరైనా కమాను కట్టలనే అంటాడు. కమాన్ అంటే ఫారసీలో విల్లు. ఆ మాట ఏ మతంవాడిదని షెడ్డులో ఎవరూ అడగరు.

ఇక లారీని పోల్చుకోవడం. కొత్తవాడు ముందు బానెట్ మీద గుర్తు చూస్తాడు. ఉస్తాదు అది చివర చూస్తాడు. టాటా బండ్ల మీద మెర్సిడెస్ మూడు రెక్కల నక్షత్రం 1969లో ఒప్పందం ముగిసేదాకా ఉంది, ఆ తరువాత ‘టి’ అక్షరం వచ్చింది. కానీ గుర్తుదేముంది, నాలుగు స్క్రూలు విప్పితే ఊడుతుంది. పాత నక్షత్రం కొత్త బండి మీదకు ఎక్కుతుంది.

క్యాబిన్ చూసినా బండి పుట్టుక తెలియదు. అప్పట్లో కంపెనీలు చాలా లారీలను చాసీగానే అమ్మేవి. ఇంజను, చక్రాలు, ముందు కొంత రేకు, అంతే. డ్రైవరు కూర్చోవడానికి పాత చెక్కపెట్టో, బల్లో. మిగతా ఒళ్లంతా ఇక్కడ కట్టిందే. కాబట్టి క్యాబిన్ చెక్క, తలుపు వంపు, రంగుల పొరలు చూస్తే ఏ ఊళ్లో బాడీ కట్టారో, ఎన్ని చేతులు మారిందో తెలుస్తుంది. ఎముకలు కంపెనీవి, ముఖం మనవాళ్లు ఇచ్చింది.

అసలు సాక్ష్యం చాసీ మీద గుద్దిన నంబరు. దానికోసం గ్రైండరు పెట్టకూడదు. కిరోసిన్ గుడ్డతో జిడ్డు తీయాలి, వైర్ బ్రష్‌తో మెల్లగా తుప్పు దులపాలి, సుద్దపొడి రాయాలి. గుంటల్లో తెల్లగా అంకెలు తేలతాయి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోవాలి. ఇంజను నంబరు వేరు, అది బ్లాకు మీద ఉంటుంది. ఆ రెండూ ఆర్‌సీ పుస్తకంతో కలవాలి. ఇంజను నంబరు కలవకపోతే ఇంజను మారి ఉండవచ్చు. ఇంజను మారడం బండి బతికిందనడానికి గుర్తు. కానీ అరిగిన నంబరును అనుమతి లేకుండా కొత్తగా గుద్దడం మాత్రం నేరం. ఏ ఉస్తాదూ ఆ పనికి ఒప్పుకోకూడదు. సాక్ష్యం అరిగిపోయిందంటే అరిగిపోయిందనే చెప్పాలి.

పానాలు కూడా సాక్ష్యం చెబుతాయి. పాత బ్రిటిష్ బండ్లకు విట్‌వర్త్ పానాలు పడతాయి. వాటి మీద రాసి ఉండేది బోల్టు లావు కొలత, నట్టు వెడల్పు కాదు. అమెరికన్ వంశం డాడ్జ్, ఫార్గోలకు ఇంచీల పానాలు. మెర్సిడెస్ వంశానికి మిల్లీమీటర్లు. అయితే ఒక్క నట్టు చూసి తీర్పు చెప్పకూడదు. యాభై ఏళ్లలో ఎవరికి ఏది దొరికితే అది బిగించి ఉంటారు. ఎవరూ విప్పని చోట బోల్టు చూడాలి. ఇంజనులో ఆరు సిలిండర్లుండి, హెడ్డుకు హీటర్ ప్లగ్గులు కనిపిస్తే అది పాత మెర్సిడెస్ పద్ధతి, 4.6 లీటర్ల ఓఎం 312 కావచ్చు. తరువాతి డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకు ఆ ప్లగ్గులుండవు.

పోల్చుకున్నాక బతికించడం. బండి కొన్నవాడికి ఆత్రం. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టమంటాడు. కొట్టకూడదు. ఏళ్ల తరబడి ఆగిన ఇంజనులో రింగులు సిలిండరు గోడకు పట్టేసి ఉంటాయి. ముందు నాజిళ్లు విప్పి, సిలిండర్లలో కాస్త ఆయిలు పోసి, ఒకట్రెండు రోజులు ఊరనిచ్చి, చేత్తో తిప్పి చూడాలి. తిరిగితే సగం గెలిచినట్టు. ఆయిలు దించి చూడాలి. పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీళ్లు పోయాయని అర్థం. పాత డీజిల్ పారబోసి ట్యాంకు కడగాలి. ఫిల్టర్లు మార్చాలి. చేతి పంపు కొట్టి పైపుల్లో గాలి తీయాలి. గాలి బుడగ ఒక్కటి ఉన్నా డీజిల్ ఇంజను పలకదు.

మరో సంగతి. ఈ పాత డీజిల్ ఇంజను తాళం తిప్పితే ఆగదు. స్టాప్ రాడ్ లాగితే, పంపులో డీజిల్ ఆగితే, అప్పుడు ఆగుతుంది. కాబట్టి ఆపే ఏర్పాటు సరిగా ఉందో లేదో చూడకుండా మొదలుపెట్టకూడదు. గాలి లోపలికెళ్లే దారి మూయడానికి ఒక చెక్క చేతికి అందేలా ఉంచుకోవాలి. బ్రేకులు, స్టీరింగు, కమాను పిన్నులు, టైర్లు బాగయ్యేదాకా బండి షెడ్డు దాటకూడదు. కదిలే బండి కంటే ఆగే బండే మంచి బండి.

ఇంత చేశాక ఆ లారీకి ఈ దేశంలో ఏ గౌరవం ఉంది? 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన టూవీలర్లకు, ప్రయాణికుల కార్లకు ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తామంది. ఆ జాబితాలో లారీ లేదు. కార్లకైనా షరతు ఉంది. బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసీలో గానీ, బాడీలో గానీ, ఇంజనులో గానీ పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన రవాణా బండ్ల ఫిట్‌నెస్ ఫీజులూ బాగా పెరిగాయి. పొగ తగ్గాలి, ప్రమాదాలు తగ్గాలి, కాదనం. పాత లారీలన్నీ మళ్లీ రోడ్డెక్కాలనీ అనం. మా ప్రశ్న వేరు. మహలులో కదలకుండా నిలబడ్డది వారసత్వమయితే, ఇంజను మార్చుకుని, క్యాబిన్ కట్టించుకుని, విరిగిన చోటల్లా అతుకు వేసుకుని యాభై ఏళ్లు తిండిగింజలు మోసింది తుక్కు ఎలా అవుతుంది?

మమ్మల్నీ ఇలాగే అడుగుతుంటారు. మీ అసలు రూపం ఏది, ఎక్కణ్ణుంచి వచ్చారు, మీలో ఎంత తెలుగు, ఎంత తురక? అసలు రూపం చూపితేనే గుర్తింపు అన్నట్టు. మేం ఈ నేల మీద అతుకులు వేసుకుంటూ బతికినవాళ్లం. ఇంట్లో తెలుగు, షెడ్డులో సగం ఉర్దూ, చేతిలో జర్మన్ కొలత పానా. మా గుర్తింపు ఈ అతుకుల్లో ఉంది. దాన్ని గీకి పారేసి కింద ‘అసలు’ది వెతికితే దొరికేది తుప్పే.

పని చేసిన బండిని దాచుకోవడం చేతకానిదేం కాదు. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాద్ బస్‌భవన్‌లో నిలబెట్టి ఉంది. బస్సుకు ఒక సంస్థ ఉంది కాబట్టి దక్కింది. లారీకి సంస్థ లేదు. ఒక యజమాని, ఒక డ్రైవరు, ఒక క్లీనరు, ఒక ఉస్తాదు ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు.

కాబట్టి పని మనమే మొదలుపెట్టాలి. పాత లారీ విప్పే ముందు ఫొటోలు తీయండి. పెన్సిల్ అచ్చు దాచండి. రంగు గీకే ముందు కింద ఎవరి పేరు రాసి ఉందో చూడండి. ఆర్‌సీ పుస్తకాన్ని, పాత పర్మిట్లను, లేతు షాపు రశీదులను చిత్తుకాగితాల్లో వేయకండి. అన్నిటికంటే ముందు, ఆటోనగర్లలో ఇంకా మిగిలిన ముసలి ఉస్తాదుల దగ్గర కూర్చోండి. ఏ ఇంజను ఎక్కడ తెచ్చారు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు అని అడిగి రాసుకోండి. వాళ్ల చెవికి తెలిసిన ఇంజను చప్పుడు ఏ పుస్తకంలోనూ లేదు. చాసీ నంబరు ఆ బండి ఎక్కడ పుట్టిందో చెబుతుంది. ఇన్నేళ్లు ఎవరు బతికించారో వాళ్లే చెప్పాలి. వాళ్లుండగానే మనం రాసుకోవాలి.