తెరచాటు సేవకులు

పండుగకు ముందు ఇంటికి సున్నము వేయించుట మన పల్లెలలోను పట్టణములలోను అలవాటు. ఆనాడు సామాను వాకిట చేరును, గోడలు తడిసియుండును, అయినను పొయ్యి వెలుగవలెను, చంటిబిడ్డకు వేళకు పాలు కాగవలెను. అందుకే తెలిసిన ఇల్లాలు వసారాలో రెండవ పొయ్యి ముట్టించిన పిమ్మటనే వంటగది పొయ్యి ఆర్పును. ఈ చిన్న ఉపాయమును కంప్యూటర్లకు నేర్పుటకు గొప్ప గొప్ప మేధావులకు కొన్ని దశాబ్దములు పట్టినదన్నచో శ్రోతలకు వింతగా తోచవచ్చును.

హైదరాబాదులో జూబిలీహిల్స్ గుట్టలకు ఉత్తరముగా బోరబండ యున్నది. 2003లో ఆరంభమైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు ఇచ్చట ఆగును. లింగంపల్లి వైపు పోవువారికి తరువాతి స్టేషను హైటెక్ సిటీ. టిక్కెట్టు కొనువానికి కిటికీ వెనుక గుమాస్తా కనిపించును. గుమాస్తా ముందరి యంత్రములో లెక్క వ్రాయు కార్యక్రమము, వార్త నందించు కార్యక్రమము, కాగితము అచ్చువేయించు కార్యక్రమము ఉండును. ఇవి ఎవరికిని కనబడవు. సమీపముననున్న ఫిలింనగరు వారికి ఈ సంగతి వివరింప నక్కరలేదు. దీపము పట్టువాడు క్షణకాలము ఏమరినచో కథానాయకుని ముఖము చీకటియగును. కంప్యూటర్‌లోను అట్టి తెరచాటు సేవకులు కలరు.

వారికి ఆంగ్లేయమున ‘డీమన్’ అని పేరు. 1963 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయములో ఫెర్నాండో కార్బాటో బృందము ఈ పేరు పెట్టెను. భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1867లో ఒక చిన్న భూతమును ఊహించెను. అది పెట్టె నడుమ తలుపుకడ కూర్చుండి, వేగముగా పోవు అణువులను ఒక ప్రక్కకును, మెల్లగా పోవు వానిని మఱియొక ప్రక్కకును విడదీయుచుండును. విసుగులేక, ఎవ్వరును పిలువకయే పనిచేయు కార్యక్రమమునకు ఆ భూతము పేరు తగినదని వారు తలచిరి. 1951 నాటి ‘పాతాళభైరవి’ చిత్రమునందలి ప్రతిమ కోరినపుడే వరమిచ్చును. ఈ భూతము మాత్రము కోరకయే అహోరాత్రములు కావలి కాయును.

సేవకుడు ముసలివాడైనపుడు, లేదా వానియందు లోపము బయటపడినపుడు, కొత్తవానిని నియమింపవలెను. సాఫ్ట్‌వేర్‌కు కొత్త కూర్పు వచ్చుట యనగా ఇదియే. తొలినాళ్లలో పద్ధతి సులభము. రాత్రివేళ యంత్రమంతయు ఆపివేసి, కొత్త కూర్పు నెక్కించి, తెల్లవారుసరికి నడిపించెడివారు. ముందుగా చెప్పి ఆపుటలో దోషము లేదు. మన రైల్వే రిజర్వేషను నేటికిని అర్ధరాత్రి ప్రాంతమున కొంతసేపు ఆగును. ప్రయాణికులు దానికి అలవాటు పడియున్నారు.

ఆ రైల్వేలే మఱియొక పాఠమును నేర్పినవి. 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషను మొదలయ్యెను. తరువాత ఒక్కొక్క మహానగరము తన లెక్క తాను చూచుకొనుచుండెను. వీనినన్నిటిని ఒక్కటిగా అల్లుటకు ‘కాన్సర్ట్’ అను కొత్త సాఫ్ట్‌వేర్‌ను సిద్ధము చేసిరి. దానిని దేశమంతట ఒక్కనాడే పెట్టలేదు. మొదట మన సికింద్రాబాదులో అమలు జరిపి, మంచిచెడ్డలు చూచి, పిమ్మట తక్కిన కేంద్రములకు కొనిపోయిరి. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు ఐదును ఒక్క వలలో చేరెను. ఒకచోట కొత్తది పరీక్షకు నిలిచియుండగా తక్కినచోట్ల పాతది పని జరుపుచుండుటయే ఇందలి వివేకము.

రాత్రియైనను ఆపుటకు వీలులేని సేవలును కలవు. ఏ ఇంట ఏ గడియలో వైద్యుని పిలువవలసి వచ్చునో టెలిఫోను ఎక్స్‌చేంజికి తెలియదు. 1965లో అమెరికాలో తొలి వాణిజ్య ఎలక్ట్రానిక్ ఎక్స్‌చేంజిని నెలకొల్పినపుడు బెల్ సంస్థవారు ఒక నియమము పెట్టుకొనిరి: నలువది సంవత్సరములలో మొత్తము మీద రెండు గంటలకు మించి సేవ ఆగరాదు. స్వీడను దేశపు ఎరిక్‌సన్ సంస్థలో 1986లో జో ఆర్మ్‌స్ట్రాంగ్ మొదలగువారు ‘ఎర్లాంగ్’ అను భాషకు శ్రీకారము చుట్టిరి. అందు కార్యక్రమము నడచుచుండగనే పాత కూర్పు స్థానమున కొత్త కూర్పు ప్రవేశింపగలదు. ఆరంభమైన సంభాషణ సాగుచునే యుండును.

సామాన్య కంప్యూటర్లలో ఈ మర్యాద ఆలస్యముగా వచ్చినది. 1993లో ఆరంభమైన ‘డెబియన్’ వంటి వ్యవస్థలలో తొలుత పాత సేవను ఆపి, కొత్త దస్త్రములను విప్పి, పిమ్మట తిరిగి ఆరంభించు ఆచారము ప్రబలముగా నుండెను. పెద్ద మార్పులలో ఈ నడిమి విరామము నిమిషములు, ఒక్కొక్కపుడు గంటయు కావచ్చును. నడుమ పని చెడినచో సేవ ఆగిన చోటనే ఆగును. కాని 1969లో పుట్టిన యూనిక్స్‌లోను, దాని సంతతిలోను ఒక సౌకర్యము కలదు. నడచుచున్న కార్యక్రమము తన దస్త్రమును చేత పట్టుకొనియుండును. బీరువాలో దాని స్థానమున కొత్త ప్రతి పెట్టినను, చేతనున్న పాత ప్రతి చెదరదు. కనుక పాతవాడు పనిచేయుచుండగనే కొత్త సరంజామా అంతయు అమర్చి, చివర ఒక్క క్షణమున మార్పు జరుపవచ్చును. క్రమముగా అదియే మేలైన పద్ధతిగా స్థిరపడెను.

అయితే ఈ సౌకర్యములోనే ఒక మోసము కలదు. 2014 ఏప్రిల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ అను లోపము బయటపడెను. రహస్యలిపికి సంబంధించిన ‘ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.’ గ్రంథాలయమునందు ఆ లోపముండెను. సరిచేసిన ప్రతి వెంటనే వచ్చెను. కాని దానిని బీరువాలో పెట్టి ఊరకున్నచో ప్రయోజనము లేకపోయెను. సేవకుడు తన చేతనున్న పాత ప్రతినే చదువుచుండును. సేవను తిరిగి ఆరంభించిన గాని రంధ్రము పూడదు. కొత్త తాళము కొని పెట్టెలో దాచి, తలుపునకు పాత తాళమే వేసినట్లగును. అకారణముగా ఆగుట ఎంత తప్పో, ఆగవలసినపుడు ఆగకుండుటయు అంతే తప్పు.

ఇది యంత్రముల ముచ్చటగా మాత్రమే భావింపరాదు. 2012 జూన్‌లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ సంస్థ ఒక తెరచాటు సేవకు కొత్త కూర్పు నెక్కించెను. రాత్రివేళ లెక్కలను వరుసగా నడిపించుట ఆ సేవ పని. చిక్కు కనిపించగనే కొత్తదానిని తొలగించిరి. కాని తొలగించినచో ఏమగునో ముందుగా పరీక్షింపలేదు. వరుస చెడినది. బ్రిటనులో అఱువది యైదు లక్షలమంది ఖాతాదారులు ఇక్కట్లు పడిరి. పరదేశములలో చేత డబ్బులేక నిలిచినవారు కలరు. సంస్థలు జీతములు చెల్లింపలేకపోయినవి. 2014లో అధికారులు ఐదు కోట్ల అఱువది లక్షల పౌనుల జరిమానా విధించిరి. ముందుకు పోవుటకు ఎంత ఆలోచన వలెనో, వెనుకకు మఱలు దారికిని అంత పరీక్ష వలెనని ఆ జరిమానా లోకమునకు చాటెను.

ఈ చరిత్రనుండి సేవకుని ధర్మములు కొన్ని తేలుచున్నవి. చేతనున్న పని ముగించి, తరువాతి పనిని కొత్తవానికి అప్పగింపవలెను. కొత్తవాడు సిద్ధపడువరకు పాతవాడు కదలరాదు. పాతకొత్తలు ఒకచోట ఇముడనపుడు, ముందుగా చాటి, తక్కువకాలము ఆగవలెను. యజమాని బుద్ధిపూర్వకముగా ఆపియుంచిన సేవను మార్పు నెపమున మేల్కొల్పరాదు. మార్పు ఫలింపనిచో ఆ సంగతి దాచక చెప్పవలెను.

రేడియో ఉన్న ఇండ్లవారు ఇట్టి మార్పును ఒకమారు ఎఱుగుదురు. 1975 నాటి జెనీవా ఒప్పందము ననుసరించి, 1978 నవంబరు 23న ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ఖండములలో మధ్యతరంగ కేంద్రములు కొత్త స్థానములకు జరిగెను. దేశదేశముల ఇంజనీర్లు మూడేండ్లు సన్నాహము చేసిరి. చాలమంది శ్రోతలకు ముల్లును వెండ్రుకవాసి త్రిప్పుకొనుటతో సరిపోయెను. శ్రమయంతయు తెరచాటున నుండి, ఇంటివారికి వేళకు వార్తలు వినిపించినచో మార్పు చక్కగా జరిగినట్లే. సున్నము వేసిన ఇంట చంటిబిడ్డ ఏడ్వకుండుట ఎట్టిదో, ఇదియు అట్టిదే.