లూ రీడ్ రొద: పాటల్లేని ఆల్బమ్, తెగని తగాదా

కిందటి నెల మా అబ్బాయి కారులో ఒక ఆల్బమ్ పెట్టాడు. నిమిషం గడిచిందో లేదో, ఇంజన్‌లో బెల్టు తెగిందేమోనని కారు పక్కకి ఆపమన్నాను. వాడు ఒకటే నవ్వు. అది సంగీతమేనట! 1975లో లూ రీడ్ విడుదల చేసిన "మెటల్ మెషీన్ మ్యూజిక్".

లూ రీడ్ 1960లలో న్యూయార్క్‌లో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందంలో పాడినవాడు. బృందం వదిలాక సొంతంగా చేసిన ఆల్బమ్‌లలో "శాలీ కాంట్ డాన్స్" 1974లో అమెరికాలో మొదటి పదిలోకి ఎక్కింది. అభిమానులు అలాంటిదే మరొకటి వస్తుందనుకున్నారు. వచ్చింది రెండు రికార్డుల సెట్టు. మాటల్లేవు, వరస లేదు, తాళం లేదు. మన సభల్లో స్పీకరు ఎదుట మైకు పెడితే కీచుమంటుంది చూడండి, గిటార్లతో అలాంటి రొద పుట్టించి, టేపుల వేగం మార్చి, ఒకదానిమీద ఒకటి పేర్చాడు. నాలుగు వైపులా, ఒక్కో వైపు సుమారు 16 నిమిషాలు. నాలుగో వైపు చివర గాడి తిరిగి తనలోనే కలుస్తుంది. మీరు లేచి ముల్లు ఎత్తేదాకా ఆగదు!

అట్టమీద మాత్రం నల్లకళ్ళద్దాలతో రీడ్ బొమ్మ, మామూలు కచేరీ రికార్డులాగే. పాటలుంటాయని కొన్నవాళ్ళలో చాలామంది దుకాణానికి తిరిగి తెచ్చిచ్చారు. వాళ్ళ కోపం న్యాయమైనదే.

రోలింగ్ స్టోన్ పత్రిక దుమ్మెత్తిపోసింది. కంపెనీతో ఒప్పందం తెంచుకోడానికి చేసిన ఆకతాయి పని అన్నవాళ్ళూ ఉన్నారు. రీడ్ ఒకసారి వేళాకోళం చేసేవాడు, మరోసారి గంభీరంగా సమర్థించుకునేవాడు. అట్ట లోపల అతనే రాసుకున్నాడు, తాను కూడా మొత్తం వినలేదని! ఇక విమర్శకుడు ఏం చెయ్యాలి? కోప్పడితే హాస్యం తెలియనివాడవుతాడు, మెచ్చుకుంటే మోసపోయినవాడవుతాడు. క్రీమ్ పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ ఒక్కడే దీనికి తగ్గ దారి పట్టాడనిపిస్తుంది. అంతకుముందు ఇంటర్వ్యూలలో రీడ్‌తో బాహాబాహీ మాటల యుద్ధం చేసినవాడు, 1976లో దీన్ని ఆకాశానికెత్తుతూ రాశాడు. అందులో ఎంత నిజం, ఎంత ఎకసెక్కెం, చదివినవాళ్ళకి ఇప్పటికీ తేలదు.

మనకి ఆసక్తి కలిగించేది ఇంకొకటుంది. అట్టమీది రాతలో రీడ్ లా మాంటె యంగ్‌ని తలుచుకున్నాడు. ఒకే స్వరాన్ని గంటలతరబడి సాగదీసే సంగీతం ఆయనది. 1970 నుంచి కిరాణా ఘరానా పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర శిష్యరికం చేశాడు. అంటే ఈ రొదకి దూరపు చుట్టం మన తంబూరా శ్రుతి! కాకపోతే తంబూరా మనిషిని కూర్చోబెడుతుంది, ఇది లేపి నిలబెడుతుంది.

2002లో బెర్లిన్‌లో జైట్‌క్రాట్జర్ అనే బృందం ఈ రొదనంతా స్వరాలుగా రాసుకుని, వయొలిన్ల వంటి మామూలు వాద్యాలమీద వాయించింది. రీడ్ కూడా వచ్చి గిటారు వాయించాడు. ఉత్త తుంటరితనమైతే అంత కష్టపడి ఎవరు రాసుకుంటారు? 2013లో ఆయన చనిపోయేనాటికి చాలామంది విమర్శకులు స్వరం మార్చుకున్నారు. 1975లో డబ్బు పోసి కొనుక్కున్న కుర్రాడికి మాత్రం ఆ జవాబు చాలదు.

నేను మొన్న మొదటి వైపు పూర్తిగా విన్నాను. మా ఆవిడ రెండుసార్లు వచ్చి మిక్సీ ఎవరు వేశారని అడిగి వెళ్ళింది. ఇంకా మూడు వైపులున్నాయి.