దాచినవి, దొరికినవి: నిధి నిక్షేపాల నుంచి జియోకాషింగ్ దాకా

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• మనుషులు వస్తువులను దాచడంలో ఉన్న మూడు వేర్వేరు ఉద్దేశాలను గుర్తించగలుగుతారు.
• జియోకాషింగ్ అనే కుటుంబ వినోదం ఎప్పుడు, ఎందుకు పుట్టిందో వివరించగలుగుతారు.
• జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల చరిత్రతో ఈ విషయాన్ని ముడిపెట్టి చర్చించగలుగుతారు.

1. పరిచయం

ఇసుక కుప్పలో పుల్ల దాచి, ఎదుటివారు చేతులు మూసి 'ఇక్కడే ఉంది' అని పట్టుకునే ఆట మీలో చాలామంది ఆడే ఉంటారు. దాచేవారికీ వెతికేవారికీ మధ్య ఒక ఒప్పందం ఉంటేనే ఆ ఆట సాగుతుంది. పుల్ల కుప్పలోనే ఉండాలి, దొరికాక దాన్ని తిరిగి ఇవ్వాలి. ఇప్పుడు ఇసుక కుప్ప స్థానంలో భూగోళాన్ని, చేతుల స్థానంలో ఉపగ్రహ సంకేతాలను ఊహించుకోండి. అదే జియోకాషింగ్. ఒకరు చిన్న డబ్బాలో ఒక పుస్తకం పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను అందరికీ తెలియజేస్తారు. పిల్లలతో సహా ఏ కుటుంబమైనా వెతుక్కుంటూ వెళ్ళి, పుస్తకంలో పేరు రాసి, డబ్బాను ఎప్పటిలాగే అక్కడ పెట్టి వస్తుంది.

ఇది ఆట కదా, చరిత్ర పాఠంలో దీనికేం పని అని మీకు అనిపించవచ్చు. దాచడం, వెతకడం అనే రెండు పనులకూ పొడవైన చరిత్ర ఉంది. అందులో కొంత భాగం మన ఊళ్ళ మట్టిలోనే ఉంది. ఆ చరిత్ర తెలియకుండా ఈ ఆట ఆడితే నష్టం ఎలా జరుగుతుందో కూడా ఈ భాగంలో చూస్తాం.

2. మొదటి రకం: ఎవరికీ దొరకకూడదని దాచడం

2021 ఏప్రిల్ 8న జనగామ జిల్లా పెంబర్తి గ్రామంలో ఒక భూమిని యంత్రంతో చదును చేస్తుండగా రాగి పాత్ర బయటపడింది. అందులో సుమారు 190 గ్రాముల బంగారు ఆభరణాలు, 1.7 కిలోలకు పైగా వెండి ఆభరణాలు ఉన్నట్లు అధికారులు లెక్కతేల్చి స్వాధీనం చేసుకున్నారు. ఇత్తడి పనితనానికి పేరుపొందిన పెంబర్తి ఆ వారమంతా 'లంకెబిందె' ఊరుగా వార్తల్లో నిలిచింది.

ఆ పాత్రను దాచినవారు ఎవరైనా, వారి ఉద్దేశం మాత్రం స్పష్టం. తమకు తప్ప మరెవరికీ అది దొరకకూడదు. బ్యాంకులు లేని కాలంలో ఇంటి నేల, పెరడు, పొలం గట్టు ఇవే ఖజానాలు. యుద్ధాలు, దోపిడీలు జరిగిన కాలాల్లో ఇలా పాతిపెట్టడం ఎక్కువగా జరుగుతుంది. మన ప్రాంతమే ఇందుకు ఉదాహరణ. 1323లో ఓరుగల్లు పతనమై కాకతీయ రాజ్యం అంతరించింది. పద్దెనిమిదో శతాబ్దం తొలి ఏళ్ళలో, ఇప్పటి జనగామ జిల్లాలోని ఖిలాషాపూర్ కోటను కేంద్రంగా చేసుకొని సర్వాయి పాపన్న మొగలు అధికారాన్ని ధిక్కరించాడు. 1708లో అతను వరంగల్లుపై దాడి చేశాడు. 1710లో మొగలులు అతన్ని చంపారు. పాపన్నను ప్రజలు వీరుడిగా పాడుకుంటారు. ఆనాటి మొగలు చరిత్రకారులు దోపిడీదారుడిగా రాశారు. ఈ రెండు దృష్టుల్లో దేనితో చూసినా, ఆ కాలంలో ధనం ఉన్నవారు దాన్ని నేలలో దాచుకోవడం సహజమే.

దాచినవారు చనిపోతే, లేదా ఊరు విడిచిపోతే, చిరునామా కూడా వారితోనే పోతుంది. అప్పుడు ఆ సొమ్ము ఎవరిది? ఈ ప్రశ్న చాలా పాతది. దొరికిన నిధి గురించి తెలిపినవారికి ఆరో వంతు ఇవ్వాలని, లక్షకు మించిన నిధి రాజుకే చెందుతుందని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెప్పింది. మధ్యయుగపు దానశాసనాల్లో భూమితో పాటు దానగ్రహీతకు ఇచ్చే అష్టభోగాల్లో మొదటి రెండూ 'నిధి', 'నిక్షేపం'. పాత తెలుగు క్రయ దస్తావేజుల్లో కనిపించే 'నిధి నిక్షేప జల తరు పాషాణ' అనే మాటలు ఆ సంప్రదాయానికి కొనసాగింపే. మీ ఇంట్లో పాత దస్తావేజు ఉంటే తీసి చూడండి.

బ్రిటిష్ ఇండియాలో 1878లో నిధి నిక్షేపాల చట్టం వచ్చింది. పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. హక్కుదారులెవరూ లేరని తేలితే, మరో ఒప్పందం లేనప్పుడు, దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు వస్తాయి. ప్రభుత్వం కావాలనుకుంటే వస్తువు విలువకు అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు. దాచిపెట్టినవారికి శిక్ష ఉంటుంది. నిజాం పాలనలోని మన జిల్లాలు అప్పుడు ఈ చట్టం పరిధిలో లేవు. అయినా నిధిని ప్రభుత్వానికి తెలపాలనే సూత్రం ఇక్కడా స్థిరపడింది. నూరేళ్ళకు పైబడిన నాణేలు, విగ్రహాలు, ఆభరణాల వంటివాటికి 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం వర్తిస్తుంది.

చరిత్రకారుడికి నిధి విలువ తూకంలో ఉండదు. ఏ లోతులో, ఏ పాత్రలో, ఏ వస్తువుల పక్కన దొరికిందన్నదే ముఖ్యం. నాణేల నిధి దొరికితే అందులోని అన్నిటికంటే కొత్త నాణేన్ని చూస్తారు. ఆ నాణెం ముద్రించిన తరవాతే ఆ నిధిని పాతిపెట్టి ఉండాలి కదా! రహస్యంగా తవ్వి కరిగించిన బంగారం ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు చెప్పదు.

గుప్తనిధుల పేరుతో జరిగే నష్టం దీనికంటే పెద్దది. లింగం పానవట్టం కింద, నంది కింద ధనం ఉంటుందన్న నమ్మకంతో తెలంగాణలోని ఎన్నో పాత గుళ్ళలో రాత్రివేళ గుంతలు తవ్వారు, విగ్రహాలు పగలగొట్టారు. గుడికి ధనం భూమిగా, చెరువుగా, పన్నుల ఆదాయంగా వచ్చేదని శాసనాలే చెబుతున్నాయి. తవ్వేవారు ఆ శాసనం చదవరు, కొన్నిసార్లు దాన్నే పెకలిస్తారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
అష్టభోగాల్లో నిధి నిక్షేపాలను ఎందుకు చేర్చి ఉంటారు? అయిదు వాక్యాల్లో రాయండి.

3. రెండో రకం: తరవాతివారికి కచ్చితంగా దొరకాలని దాచడం

1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధార రేఖను కొలవడంతో భారతదేశపు త్రిభుజీకరణ సర్వే మొదలైంది. రెండు చోట్ల మధ్య దూరాన్ని ఒకసారి కచ్చితంగా కొలిస్తే, ఆ తరవాత కోణాలను కొలుస్తూ కొండ నుంచి కొండకు త్రిభుజాలు అల్లుకుంటూ పోవచ్చు. ప్రతి కొండ మీదా కొలిచిన బిందువును గుర్తుపెట్టాలి. అందుకు రాతి మీద ఒక వృత్తం, దాని నడుమ ఒక చుక్క చెక్కేవారు. యాభై ఏళ్ళ తరవాత వచ్చే సర్వేయరు కూడా అదే చుక్క మీద పరికరాన్ని నిలపగలగాలి.

ఈ పని మన ప్రాంతాన్నీ తాకింది. 1819లో లాంబ్టన్ తన సహాయకుడు జార్జి ఎవరెస్టును కృష్ణా గోదావరి నదుల మధ్య ప్రాంతానికి పంపాడు. వానాకాలం అడవి జ్వరానికి అతని బృందం చెల్లాచెదురైంది. కొందరు చనిపోయారు. మిగిలినవారిని హైదరాబాదుకు చేర్చారు. 1820లో ఎవరెస్టు ఆరోగ్యం కుదుటపడటానికి గుడ్‌హోప్ అగ్రానికి వెళ్ళాడు. తరవాత అతను సర్వేయర్ జనరల్ అయ్యాడు. ప్రపంచంలో ఎత్తయిన శిఖరానికి ఉన్న ఆంగ్ల నామం అతనిదే. అడవుల్లో జ్వరపడి చనిపోయిన జెండా కూలీల, మోతగాళ్ళ పేర్లు మాత్రం ఏ పటంలోనూ లేవు.

పాతిన బిందెకూ ఈ రాతి చుక్కకూ తేడా గమనించండి. రెండూ సులభంగా కంటపడవు. బిందె చిరునామా ఒక్కరి మనసులో ఉంటుంది. చుక్క చిరునామా మాత్రం లెక్కల పుస్తకంలో ఉంటుంది.

4. మూడో రకం: అపరిచితులకు దొరకాలని దాచడం

వినోదం కోసం దాచే ఆచారానికి ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడుభూములు తొలి చిరునామా. 1854లో జేమ్స్ పెరట్ అనే మార్గదర్శి అక్కడి క్రాన్‌మియర్ పూల్ వద్ద ఒక సీసా ఉంచాడు. అంతదూరం నడిచి వచ్చినవారు తమ కార్డును అందులో వేసి వెళ్ళేవారు. దీని నుంచి 'లెటర్‌బాక్సింగ్' అనే వినోదం పెరిగింది.

ఇక జి.పి.ఎస్. విషయానికి వద్దాం. అమెరికా సైన్యం కోసం నిర్మించిన ఈ ఉపగ్రహ వ్యవస్థలో సాధారణ ప్రజలకు అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టేవారు. అందువల్ల వంద మీటర్ల దాకా తప్పు వచ్చేది. 2000 మే 1న అధ్యక్షుడు క్లింటన్ దీన్ని ఆపివేస్తున్నట్లు ప్రకటించారు. ఆ రాత్రి నుంచే అందరి పరికరాలూ పలు రెట్లు కచ్చితంగా చోటు చెప్పసాగాయి.

రెండు రోజుల తరవాత, మే 3న, అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ ఉల్మర్ ఒక నల్ల బకెట్‌ను సగం పాతిపెట్టాడు. అందులో పుస్తకాలు, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా, పేరు రాయడానికి పుస్తకం, పెన్సిలు ఉన్నాయి. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. ఏదైనా తీసుకోండి, బదులుగా ఏదైనా పెట్టండి అన్నది నియమం. కొద్ది రోజుల్లోనే మైక్ టీగ్ దాన్ని కనుగొన్నాడు. అదే నెలలో మాట్ స్టమ్ ఈ ఆటకు 'జియోకాషింగ్' అనే పేరు సూచించాడు. సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ దీనికోసం వెబ్‌సైటు ప్రారంభించినప్పుడు అందులో ఉన్నవి 75 డబ్బాలే. నేడు లక్షల సంఖ్యలో ఉన్నాయి.

ఆట నడిచే తీరు సులభం. మీ ఫోనులోని పటం జనగామను సుమారు 17.7, 79.2 అని, మహబూబాబాద్‌ను 17.6, 80.0 అని, భూపాలపల్లిని 18.4, 79.9 అని చూపుతుంది. దశాంశ బిందువు తరవాత ఒక్క అంకె ఉంటే దాదాపు 11 కిలోమీటర్ల తేడా రావచ్చు. నాలుగు అంకెలుంటే తేడా 11 మీటర్లకు తగ్గుతుంది. ఆ చివరి పది మీటర్లలో ఫోను చేతులెత్తేస్తుంది. అక్కడి నుంచి పనికొచ్చేవి కళ్ళే. సాధారణంగా పెద్దలకంటే ముందు పిల్లలు పట్టేస్తారు.

5. మన జిల్లాల్లో ఈ ఆట ఎలా ఆడాలి?

ఉల్మర్ బకెట్‌ను పాతిపెట్టాడు. ఆట పెరిగాక నియమం తలకిందులైంది. ఇప్పుడు అనుమతి లేకుండా డబ్బా కోసం గుంత తవ్వకూడదు. స్థల యజమాని అనుమతి ఉండాలి. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. 2011లో ఇంగ్లండులోని వెదర్‌బీ పట్టణంలో ఒక జియోకాష్‌ను బాంబుగా అనుమానించి పోలీసులు రంగంలోకి దిగారు. భూపాలపల్లి వంటి చోట, కల్వర్టు కింద దొరికిన టిఫిన్ డబ్బాను ఎవరూ ఆటవస్తువు అనుకోరు. కాజీపేట–విజయవాడ రైలుమార్గం పక్కన, సింగరేణి గనుల దగ్గర, బస్టాండుల్లో డబ్బా దాచడం తగదు.

ఇంకొక చిక్కు ఉంది. కాకతీయుల నాటి గుడి దగ్గర 'ఇక్కడ ఒకటి దాచాం, వెతకండి' అని ప్రకటిస్తే, గుప్తనిధుల నమ్మకం ఉన్న ప్రాంతంలో ఆ మాట ఎంత దూరం పోతుందో ఊహించండి. పారలు పట్టుకొని వచ్చేవారికి మనమే దారి చూపినట్లవుతుంది. అందుకే ఇక్కడ డబ్బా లేని పద్ధతే మేలు. 2004లో మొదలైన 'ఎర్త్‌కాష్' పద్ధతిలో దాచేది ఏమీ ఉండదు. చోటుకు వెళ్ళి, గమనించి, ప్రశ్నకు జవాబు రాస్తే చాలు. ఈ పద్ధతిని మన చరిత్రకు అన్వయించుకోవచ్చు:

• భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్ట: రాతి నీడల్లోని ఆదిమ చిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. ప్రశ్న: ఏయే జంతువులు కనిపిస్తున్నాయి? (చిత్రాలను ముట్టుకోవద్దు, నీళ్ళు చల్లవద్దు.)
• అదే జిల్లాలోని గణపురం కోటగుళ్ళు: స్తంభాలు, గోడల మీది శిల్పాల్లో ఒకదాన్ని గీయండి.
• మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు: గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించింది. ఇక్కడి శాసనం కాకతీయుల తొలి తరాల వంశక్రమాన్ని చెప్పింది. ప్రశ్న: చెరువుకు శాసనంలో ఉన్న పేరు ఏమిటి? (జవాబు: ధర్మకీర్తి సముద్రం.)
• జనగామ జిల్లాలోని ఖిలాషాపూర్ కోట: బురుజు మీద నిలబడి చూస్తే ఏ దారులు కనిపిస్తున్నాయి? కోటను ఇక్కడే ఎందుకు కట్టి ఉంటారు?

బయ్యారం శాసనాన్ని ఒక్కసారి ఆలోచించండి. దానిలో గ్రాము బంగారం లేదు. అయినా ఒక రాజవంశపు పూర్వీకుల పేర్లు దాని వల్లే మనకు దక్కాయి. చెరువు కట్ట దగ్గర నిలబడి దాన్ని వెతికిన పిల్లవాడు రేపు ఊళ్ళో ఎవరైనా రాతిని పెకలించబోతే అడ్డుపడతాడు. చట్టం కంటే ముందు పనిచేసే కాపలా అదే.

6. సారాంశం

ఇతరులకు దొరకకూడదని దాచినది నిధి. తరవాతి సర్వేయరుకు దొరకాలని పెట్టినది సర్వే గుర్తు. ఎవరికైనా దొరకాలని ఉంచినది జియోకాష్. ఉపగ్రహ సంకేతాలు అందరికీ అందిన 2000 సంవత్సరంలో మూడో రకం ఒక ఆటగా రూపుదిద్దుకుంది. మన మూడు జిల్లాల్లో మొదటి రకపు ఆశ కట్టడాలకు హాని చేసింది. తవ్వకుండా వెతికే అలవాటును ఇంటి నుంచే నేర్పితే ఆ హానిని కొంతైనా ఆపవచ్చు.

7. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో జవాబు రాయండి.
1. దాచడంలోని మూడు ఉద్దేశాలను ఉదాహరణలతో వివరించండి.
2. గుప్తనిధుల వేట చరిత్ర ఆధారాలను ఎలా నాశనం చేస్తుందో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో జవాబు రాయండి.
1. 2000 మే నెల జియోకాషింగ్ చరిత్రలో ఎందుకు ముఖ్యం?
2. 1878 నిధి నిక్షేపాల చట్టంలోని ముఖ్యాంశాలు రాయండి.

III. క్షేత్ర కృత్యం
మీ ఊరిలోని ఒక పాత రాతి కట్టడం, చెరువు లేదా శాసనం దగ్గరికి ఇంటివారితో కలిసి వెళ్ళండి. దాని అక్షాంశ రేఖాంశాలను నాలుగు దశాంశ స్థానాల వరకు రాసుకోండి. ఇతరులు అక్కడికి వచ్చి గమనించి జవాబు చెప్పగల మూడు ప్రశ్నలు తయారుచేయండి. అక్కడ ఏమీ తవ్వకండి, ఏమీ వదలకండి.