ఏ నాటకమునకు పోవుదము?

ధాన్యము గాదెలకు చేరి సంక్రాంతి గడచినది మొదలు వేసవి ముగియువరకు టెక్కలి చుట్టుప్రక్కల నాటకముల కాలము. శివరాత్రికి, శ్రీరామనవమికి, గ్రామదేవతల సంబరములకు ఉద్దానపు కొబ్బరితోటల నడుమను, పలాస బజారులలోను, నౌపడ ఉప్పుమడుల దాపునను పందిళ్లు లేచును. వీథి మొగలయందు పటములు వ్రేలాడును. వానిపై కిరీటములు ధరించిన శ్రీకృష్ణులు ఇద్దరు ముగ్గురు ఒక్కచోటనే మందహాసము చేయుచుందురు. ఇంటి యజమానుడు, ఇల్లాలు, కళాశాలలో చదువుచున్న కూతురు కూర్చుండి యాలోచింతురు: ఏ రాత్రి నిద్ర మానుకొనవలెను? పద్యనాటకము రాత్రి ప్రొద్దుపోయి మొదలై వేకువకు ముగియుట మనవైపు వాడుక గనుక, ఒక నాటకమునకు పోవుటయనగా మరునాటి పనినికూడ దాని కర్పించుటయే. కావున ఏరుకొనక తప్పదు. ఈ యేరుకొనుటను ఎవరు చేయుచు వచ్చిరి, దేనినిబట్టి చేయుచు వచ్చిరి యను చరిత్రమును ఇచట కొంత తడవెదను.

ప్రశ్న మాత్రము మిక్కిలి పాతది. మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో, భాసాదుల రూపకములుండగా ఈ కాళిదాసుని క్రొత్తనాటక మేల యని పారిపార్శ్వకు డడుగును. ప్రాతదగుటచేతనే మంచిది కాదనియు, క్రొత్తదగుటచేతనే చెడ్డది కాదనియు, తెలిసినవారు పరీక్షించి గ్రహింతురనియు సూత్రధారుని సమాధానము. సభలలో దీనిని వల్లింపని పండితుడు లేడు. శాకుంతల ప్రస్తావనలోని వేరొక ముచ్చటను తలచువారు మాత్రము తక్కువ. అచట నటి గ్రీష్మఋతువును గూర్చి పాడును. ఆ పాటకు మనస్సు కరగిపోయి, తామాడ తలపెట్టిన నాటకమేదియో సూత్రధారుడే మరచి, ఏ నాటక మాడుదమని యామెనే యడుగును. కవి దీనిని దుష్యంతుని మరపునకు సూచనగా నుంచెను. మన రంగస్థలమునకును ఇదియే సూచనయని నాకు తోచుచున్నది. పాటలో పడి మనము నాటకమును మరచితిమి. భరతముని గానమును నాట్యాంగములు పదునొకండింటిలో నొకటిగా లెక్కించి, వాక్కును నాట్యమునకు శరీరమని చెప్పెను. గ్రీకు శాస్త్రకారుడగు అరిస్టాటిలు పాటను అలంకారములలో పెద్దదియని మెచ్చుకొనుచునే, కథాసంవిధానమును ప్రాణమనెను. ఇంతదూరమున నున్న యిద్దరు ఒక్కమాట చెప్పినప్పుడు వినుట మంచిది.

తెలుగున నాటకరచన 1860 ప్రాంతమున కోరాడ రామచంద్రశాస్త్రిగారి మంజరీమధుకరీయముతో మొదలైనను, ప్రదర్శనమునకు 1880వ సంవత్సరమును ఆదిగా చెప్పుదురు. ధారవాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమున ఆడి వెడలిన పిమ్మట కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచేత వ్యవహార ధర్మబోధినిని, చమత్కార రత్నావళిని ఆడించిరి. మొదటిది న్యాయవాదుల మోసములను ఎత్తిచూపునది. రెండవది షేక్‌స్పియరు రూపకమున కనుసరణము. అవి మాటల నాటకములు. బడిపిల్లలు ఆడిరి, ఊరివారు చూచిరి, చూచినవారికి అర్థమయ్యెను. ఆరంభ మింతకంటె మంచిగా నుండుట యరుదు.

కాని ధారవాడవారు విడిచిపోయిన రుచి వేరు. వారి యాటలు ఆంధ్రుల భాషలోనివి కావు. ఐనను జనులు మురిసిరి. ఆ మోజు ఎంతవరకు పోయెననగా బందరున నాదెళ్ల పురుషోత్తమకవిగారు 1880 దశకమున ముప్పదిరెండు నాటకములను హిందీలోనే రచించి ప్రదర్శింప జేసిరి. ఇది మన కొక్కరికే పట్టిన వింత కాదు. 1711లో ఆడిసను తన స్పెక్టేటరు పత్రికలో లండను ప్రేక్షకులను ఇట్లే పరిహసించెను. ఇటాలియను సంగీతనాటకము మొదట సగము ఇంగ్లీషున, సగము ఇటాలియనున పాడబడెనట. సగమర్థము చేసికొను శ్రమకూడ భారమై పిమ్మట పూర్తిగా అర్థముకాని దానినే కోరిరట. పదునేడేండ్లకు జాన్ గే బెగ్గర్స్ ఆపెరాను వ్రాసి, వీథిపాటల వరుసలలో దొంగల కథ నిమిడ్చి, మొదటి ఋతువుననే అరువదిరెండు రాత్రు లాడించెను. పాటను వెడలగొట్టుటవలన కాదు, పాటకు మాటను మరల జేర్చుటవలన ఆతడు గెలిచెను. మనవైపున ఆ పని చేయదలచినవారు బళ్లారి ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు. 1887లో చిత్రనళీయముతో వారు తెలుగు నాటకమున పాటకును పద్యమునకును పీట వేసిరి. మహారాష్ట్రమున 1880లోనే కిర్లోస్కరు సంగీత శాకుంతలమును ఆడియుండెను. గాలి యటే వీచుచుండెను.

అదే కాలమున మనకు సమీపమున విజయనగరములో వేరొక దారి తెరచుకొనెను. ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణ మండలములో జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టిక వ్రాయించిరి. మూడేండ్లలో 1,034 వివాహములు తేలెను. ఐదేండ్ల ప్రాయమున పెండ్లియైన బాలికలు తొంబదితొమ్మండుగురు, ఒక్కయేటి ప్రాయమువారు ముగ్గురు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో జగన్నాథవిలాసినీ సభవారిచే ఆడబడి, 1897లో అచ్చుపడినప్పుడు ఆ లెక్క పీఠికలో చేరెను. ఆ నాటకమున పాటకచేరి లేదు. రాగము లేకుండ రాత్రి గడచునాయని సందేహించువారికి గిరీశమును మధురవాణియును నూరేండ్లకు పైబడి సమాధానము చెప్పుచునే యున్నారు. ఐతే దానిని ఆదరించినవాడు మహారాజు. చీటీ కొను ప్రేక్షకుడు ఇంకను ఆ పీటపై కూర్చుండలేదు.

అతడు కూర్చుండిన తోడనే లెక్క మారెను. 1890 దశకమున తీరమువెంట రైలు పడెను; 1900లో నౌపడనుండి టెక్కలిమీదుగా పర్లాకిమిడికి చిన్నరైలు నడచెను. అప్పుడు మన తాలూకా గంజాము జిల్లాలోనిది. తెరలును, పెట్టెలును, హార్మోనియమును ఒక రాత్రిలో ఊరు మారగల రోజులు వచ్చెను. (ఆ చిన్నరైలు చేరుచోటనే గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషకై పోరాడిరి. ఈ వ్యాసపు భాషను వారు విన్నచో నన్ను బల్ల యెక్కించి నిలువబెట్టియుందురు.) పిమ్మట గ్రామఫోను వచ్చెను. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి గాయకనటుల పద్యములు పళ్లెములపై నింటింటికి చేరెను. ఒక ప్రక్క మూడునిమిషములు. అందులో కథ పట్టదు, పద్యము పట్టును. ఇంటివద్ద నూరుసార్లు విన్న పద్యమును రంగముమీద నూటొకటవసారి వినుటకు జనులు పోసాగిరి. వినినది చాలక 'వన్స్ మోర్' అనిరి. పాండవులు రాయబారము నంపుదురా, మానుదురా యను చింత ఎవరికిని లేకపోయెను.

దీనినుండి కంట్రాక్టు నాటకము పుట్టెను. సమాజము లేదు, సాధన లేదు. గుత్తదారుడు పేరుగల గొంతులను నలుమూలలనుండి ఒక రాత్రికి కుదుర్చును. ఒకే నాటకమున మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు! తిరుపతి వేంకటకవులు పాండవుల కథను జననము మొదలు అశ్వమేధమువరకు ఆరు నాటకములుగా వ్రాసిరి. రంగముపై నిలిచినవి ఉద్యోగము, విజయము మాత్రమే. అవియు ముక్కలు చేసి 'కురుక్షేత్రము' అను పేర కుట్టబడినవి. ఆ పద్యములు తెలుగువారి నోళ్లలో నుండుట వారి ప్రతిభకు సాక్ష్యమే. ఐనను మిగిలిన నాలుగు నాటకముల పేర్లు చెప్పుమన్నచో ముందువరుసలోనివారుకూడ తలగోకికొందురు.

పాట నాటకమును మ్రింగుటకంటె కీడైన సంగతి ఒకటి కలదు: నాటకము తన యుద్దేశమునకే విరుద్ధమగుట. కాళ్లకూరి నారాయణరావుగారు (1871–1927) వేశ్యాలోలత్వమువలన కుటుంబములు కూలుట చూపుటకై చింతామణిని, కట్నమును ఖండించుటకై వరవిక్రయమును రచించిరి. చింతామణి చివరకు విరక్తయగును. బిల్వమంగళుడు కన్ను తెరచును. కాని మనవైపు పందిళ్లలో జనులు వేచియున్నది సుబ్బిశెట్టి రంగమునకు. కవి వ్రాసిన రెండు హాస్యపు మాటలకు నటులు ఇరువది మోటుమాటలు చేర్చిరి; చప్పట్లనుబట్టి అవి పెరిగెను; తుదకు ఆడువారిని తీసికొనిపోరాని నాటకమని దానికి పేరు వచ్చెను. సంస్కరణకై పుట్టిన కృతికి ఇంతకంటె అవమాన మేమున్నది? తమ కులము నవమానించుచున్నదని ఆర్యవైశ్యసంఘములు మొరపెట్టుకొనగా 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దాని ప్రదర్శనమును నిషేధించెను. వ్యవహారము న్యాయస్థానమున కెక్కెను. మొరపెట్టినవారి నొప్పి నిజమైనదే. ఐనను నిషేధమువలన శిక్ష పడినది ఎవరికి? మోటుమాటలను చేర్చినవారికిని, వానికి చప్పట్లు కొట్టినవారికిని కాదు. శతాబ్దము క్రిందట గతించిన కవికి.

వరవిక్రయముమాట చూడుడు. అమ్ముడుపోయిన వరుని చేపట్టుటకంటె మరణమే మేలని కాళింది బావిలో పడును. ఆమె చెల్లెలు కమల అత్తవారికి బుద్ధిచెప్పు తీరు నవ్వించుచునే గుచ్చును. 1939లో అది చలనచిత్రమై, భానుమతిగారు కాళిందిగా తొలిసారి తెరపై కనబడిరి. అదే కవి, అదే కలము, పద్యములకును కొదువలేదు. అయినను సంబరములలో చింతామణికి దొరకిన రాత్రులు వరవిక్రయమునకు దొరకలేదు. కట్నము మన యిండ్లనుండి పోయినందువలన కాదుగదా!

పాట యున్నంతమాత్రమున మాట చెడవలెనను నియమము లేదనుటకు మన జిల్లాయే సాక్షి. తూర్పుభాగవతములో సత్యభామ పాడుచునే తన మనస్సు విప్పును. మృదంగము మాటను తరుముకొనిపోవునుగాని కప్పివేయదు. జముకులకథలో తంత్రీనాద మంతయు కథను ముందుకు నెట్టుటకే. బొడ్డపాడు వాసియగు సుబ్బారావు పాణిగ్రాహి (మరణము 1969) ఆ కథారూపమునే తన ఉద్యమప్రచారమునకు వాడుకొనెను. ఆయన రాజకీయముతో నేకీభవింపనివారుకూడ ఆ యెన్నికలోని తెలివిని కాదనజాలరు. వినువానికి ప్రతిమాట అందవలెనన్నచో ఏ బాణిని పట్టవలెనో ఆయన ఎరుగును.

స్త్రీలనుగూర్చి ఒకమాట. 1885లో మొదలైన సురభివారు తమ యింటి ఆడువారినే రంగమెక్కించిరి. బళ్లారి రాఘవగారు స్త్రీపాత్రలకు స్త్రీలే కావలెనని వాదించిరి. స్థానము నరసింహారావుగారి స్త్రీవేషము అద్భుతమని విన్నవారమే. కాని అది ఒక మహానటుని ప్రజ్ఞ, అందరికి ధర్మము కాదు. రంగముపై స్త్రీ నిలిచియు, పందిటిలో స్త్రీలు కూర్చుండలేనిచో ఆ సంస్కారము సగముననే ఆగినది.

ఇక ఈ ఋతువున ఏది చూడవలెను? పేర్ల పట్టిక ఇచ్చుట నా యుద్దేశము కాదు. పటమును చదువు విధము చెప్పెదను. అందు కవి పేరున్నదేమో వెదకుడు. నటుల బిరుదులు నిలువెడు, హార్మోనియము వాయించువాని చిత్రము జానెడు నుండి, కవి పేరు కనబడకున్నచో, ఆ రాత్రి పాటకచేరి జరుగుననుకొనుడు. కచేరి కోరువారు నిశ్చింతగా పోవచ్చును. అందు దోషము లేదు. ఒక పాత్రకు ఒక్క నటుడే యున్నాడా యని చూడుడు. క్రొత్త పద్యనాటకమని వ్రాసియున్నచో తప్పక పొండు. 1998నుండి నంది నాటకపోటీలకై వ్రాయబడిన నాటకములు నియమితకాలములో ముగియవలసినవి గనుక వానియందు రాగమునకు దొరలుటకు చోటు తక్కువ. అట్టివి మనయూళ్లకు వచ్చుట యరుదు. వచ్చినప్పుడు పందిరి ఖాళీగా నుండుట నేను చూచితిని.

ఒకప్పుడు మహారాజు ఏరెను, తరువాత చీటీ కొన్నవాడు, తరువాత గుత్తదారుడు. నేడు సంబరపు సంఘమువారు ఏరుచున్నారు. వారి చేతిలోని సొమ్ము మన చందా. చందాపుస్తకము గుమ్మమునకు వచ్చినప్పుడు ఇల్లాలు సంతకము చేయుటకు ముందు ఏ నాటకమని యడుగవచ్చును. వరవిక్రయము పెట్టుడని చెప్పవచ్చును. దానికి కిరీటములు అక్కరలేదు, ఒక్క కృష్ణుడును అక్కరలేదు. కాళింది వేషమునకు మాత్రము చివరివరుస ముసలమ్మకుకూడ తెలియునట్లు మాట పలుకగల పిల్ల కావలెను. అట్టి పిల్లలు మా తరగతిలో నలుగురున్నారు.