పానగోష్ఠియు మద్యభేదములును

మన పాఠశాలలయందుఁ బ్రబంధములు చెప్పునపుడు మధువు, ఆసవము, మైరేయము, సీధువు, మదిర యను శబ్దములు వచ్చినచో నన్నిఁటికిని "కల్లు" అని యర్థము చెప్పి ముందునకుఁ బోవుట వాడుకయైనది. మధుపానము కావ్యములకు విధింపఁబడిన యష్టాదశవర్ణనములలో నొకటి గావున దానిని విడువరాదు. విప్పి చెప్పుటకో, సంకోచ మడ్డువచ్చును. ఈ సంకోచమువలన నొక చరిత్రాంశము మఱుఁగుపడుచున్నది. పూర్వులకు మద్యము లన్నియు నొక్కటి గావు. పుట్టినవస్తువును, పుట్టినదేశమును, వన్నెను, రుచిని బట్టి వారు వానిని వేఱ్వేఱుగ నెఱింగిరి. ఆ వివేచనము మన తెలంగాణపుఁబల్లెలలో వేఱొకరూపమున నిలిచియుండుటయు గమనింపఁదగినది.

మొదట నిఘంటువును జూతము. అమరసింహుఁడు ద్వితీయకాండమున శూద్రవర్గమునందు మద్యనామములఁ జెప్పెను. సుర, హాల, పరిస్రుత్తు, ప్రసన్న, కాదంబరి, మదిర మున్నగునవి యొక వరుస. మధ్వాసవము, మాధవకము, మధువు, మాధ్వీకము మఱియొక వరుస. మైరేయము, ఆసవము, సీధువు వేఱొక వరుస. శ్లోకములు వల్లించువారు వరుసకు వరుసకు నడుమనున్న యెడమును గమనింపక యన్నియుఁ బర్యాయపదములే యని తలంతురు. ఆపానము, పానగోష్ఠిక, చషకము, నంజుకొనుటకైన యవదంశము నను పదములును నచ్చటనే యున్నవి. మనుస్మృతి సురను గౌడి, పైష్టి, మాధ్వి యని మూఁడుగా విభజించినది. బెల్లమునఁ బుట్టినది గౌడి. పిండితోఁ జేసినది పైష్టి. మాధ్వి యిప్పపూవుదా, తేనెదా, ద్రాక్షదా యనుచోట వ్యాఖ్యాతల కేకవాక్యత లేదు. నిషేధించు శాస్త్రమునకే యీ భేదజ్ఞాన మావశ్యకమైనది. అర్థము చెప్పెడు పండితున కనావశ్యక మెట్లగును?

1909లో శామశాస్త్రిగారు మైసూరున వెలువరించిన యర్థశాస్త్రమున సురాధ్యక్షప్రకరణ మొకటి గలదు. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని యాఱుభేదములను కౌటిల్యుఁ డందుఁ జెప్పెను. వీనిలో మధువు ద్రాక్షరసము. అది పుట్టినచోటునుబట్టి కాపిశాయనమనియు, హారహూరకమనియుఁ బేర్లు వడసినది. కాపిశి నేఁటి ఆఫ్గనిస్థానమునందలి బేగ్రాము ప్రాంతము. పాణిని యా శబ్దమునకై ప్రత్యేకసూత్రమే రచించెను; కాశికావృత్తి మధువును ద్రాక్షను దాని కుదాహరణములుగఁ జూపినది. ద్రాక్షపానీయమును దేశనామముతోఁ బిలుచుటవలన నొకచోటిదానికిని వేఱొకచోటిదానికిని భేద మెఱిఁగినవా రుండిరని తేలుచున్నది.

వన్నెనుబట్టిన భేదమును గలదు. శ్వేతసురను కౌటిల్యుఁడును సుశ్రుతుఁడును బేర్కొనిరి. అది ద్రాక్షది గాదు, సురాభేదము. ద్రాక్షపానీయములందలి యెఱుపుతెలుపుల కారణము వేఱు. ఎఱుపు పండుతోలునం దుండును. తోలుతోఁ గూడఁ బులియఁబెట్టిన నెఱ్ఱనిది, తోలు తొలఁగించి రసమునే పులియఁబెట్టినఁ దెల్లనిది యగును. సుశ్రుతుఁడు మద్యములలో ద్రాక్షజమైన మార్ద్వీకము దాహము పుట్టింపదని మెచ్చెను. క్రీస్తుశకము మొదటిశతాబ్దినాఁటి యెరిత్రసముద్ర పెరిప్లసు బరుకచ్ఛమునకు దిగుమతియగు మద్యములలో నిటలీదేశపుదానికి మొదటి స్థాన మిచ్చి, లవొదికయ, అరబ్బీ మద్యములను దరువాతఁ జెప్పినది. 1945లో వీలరుదొర త్రవ్వించిన యరికమేడునందు రోమకుల మద్యభాండముల పెంకులు దొరకినవి.

ఇఁక గోష్ఠి. వాత్స్యాయనుఁడు నాగరకవృత్తమున సమాపానకమును జెప్పుచు, మిత్రు లొకరి యింట నొకరు చేరి, మధువు, మైరేయము, సుర, ఆసవము నను వానిని, ఉప్పు, పులుపు, కారము, చేఁదు గల నంజులతోఁ గ్రోలుదురనెను. నంజులయందును రుచిభేదము పాటింపఁబడినదని యిందు గ్రహింపవలెను. ఓరుగంటి ప్రతాపరుద్రుని (1289–1323) యాస్థానమున విద్యానాథుఁడు ప్రతాపరుద్రీయమున మధుపానమును కావ్యవర్ణనములలోఁ జేర్చెను. మెదకుసీమలోని కొలిచెలమ యింటిపేరుగాఁ గల మల్లినాథసూరి కిరాతార్జునీయ, శిశుపాలవధములకు వ్యాఖ్యలు రచించుటచే, నందలి పానగోష్ఠిసర్గలును మన పండితుల చేతికి వచ్చినవి. ఐనను తెలుఁగుపల్లె ద్రాక్షది గాదు. తాటిది, ఈఁతది, ఇప్పది.

బెజ్జంకి కరీంనగరముజిల్లా నుండి 2016లో సిద్దిపేటజిల్లాకు మాఱిన గ్రామము. లక్ష్మీనృసింహస్వామి గుట్టచేఁ బ్రసిద్ధము. ఇట్టి తెలంగాణగ్రామములలో గౌండ్లవారు మోకు, ముత్తాదు, గీఁతకత్తి, లొట్టి యను పనిముట్లతోఁ జెట్టెక్కుదురు. తాటికిఁ బూగెలను గీయుదురు. ఈఁతకు మొవ్వుక్రింద మ్రానునే చెక్కుదురు. తాటిలో మగది పోఁతుతాడు, ఆఁడుది పండుతాడు. ఉదయమున దించినది తియ్యన, ప్రొద్దెక్కినకొలఁదిఁ బులుపు. లోపల సున్నము పూసిన లొట్టిలోనిది పులియక నీరాయై నిలుచును. సున్నము లేనిది తనంతనే పులిసి కల్లగును, మఱి నిలిచినచోఁ బులికడుగగును. మండువయందు మిత్రులు చేరి, తాటిరేకలోఁ బోయించుకొని, యిది ఈఁతది, యిది పోఁతుతాటిది, యిది నిన్నటిది యని నాలుకతోఁ జెప్పఁగలిగిరి. ఏ శాస్త్రమును జదువకయే వీరు కౌటిల్యుని కాపిశాయన హారహూరకభేదమువంటిదానిని దినదినము నెఱపిరి.

ఇది పానమును శ్లాఘించుట గాదు. శుక్రుఁడు సురతోఁ గచుని భస్మమును ద్రావి మద్యపానమును నిషేధించిన కథ నన్నయ తెనిఁగించెను. యాదవనాశము తిక్కన చెప్పెను. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలోఁ జదువు నేర్చుకొనుచున్న స్త్రీలు లేవఁదీసిన సారాయుద్యమము 1993లో సారానిషేధమునకుఁ గారణమైనది. 1995లో వచ్చిన సంపూర్ణమద్యనిషేధము 1997లో సడలినది. కల్లునకును గీడు కలిగినది. చెట్లు తగ్గినచోట క్లోరల్ హైడ్రేటు, డైజిపాము, ఆల్ప్రజోలాము కలిపిన కృత్రిమపానీయము కల్లుపేరనే యమ్మఁబడి ప్రజల ప్రాణములఁ దీసినది. జనులు దానిని "మందుకల్లు" అనిరి. చెట్టునుబట్టి రుచి చెప్పఁగల నాలుక యున్నచోట నీ వంచన సాఁగుట కష్టము. రుచివివేచనము పోయినపిదపనే మత్తొక్కటియే లక్ష్యమైనది.

కావున భేదజ్ఞానము విలాసము గాదు, రక్షణమును గూడ. మన నిఘంటువులు కావ్యప్రయోగములఁ బ్రధానముగాఁ గొన్నవి. చెట్టెక్కువాని మాటలు చెట్టుమీఁదనే యుండిపోయినవి. గీఁతవృత్తి సన్నగిలుచున్న యీ కాలమున నా మాటలను వృద్ధుల నోట విని వ్రాసికొనుట పల్లెపాఠశాలల పండితులకు సులభసాధ్యము. అటుపై మైరేయమునకుఁ గల్లనియు, మధువునకుఁ గల్లనియు నర్థము చెప్పుట తనంతనే మానిపోవును. విజ్ఞులు దీనిని విచారింతురుగాక.